వేట లేని దినములలో కూరగాయల పిజ్జా

నెల్లూరు జిల్లా సముద్రతీరమున, బోగోలు మండలములో జువ్వలదిన్నె యను నూరు కలదు. 2020వ సంవత్సరము నవంబరు 21వ తేదీన మన రాష్ట్రమున నాలుగు చేపల రేవులకు శంకుస్థాపన జరిగినప్పుడు వానిలో నొకటి యీ యూరికి వచ్చినది. రేవులు, పడవలు, వలలు పురుషుల వ్యవహారమని మనము తలచుచుందుము. కాని పడవ కదలినను నిలిచినను ఆ సంగతి ముందుగా తెలియునది వంటయింటికే. ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వఱకు, అనగా 61 దినములు, తూర్పు తీరమంతటను మరపడవల వేట నిషేధింపబడును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఈ నిషేధము న్యాయమైనదే. అయితే సరిగా ఆ దినములలోనే బడులకు వేసవి సెలవులు వచ్చును. రాబడి తగ్గును, ఇంట చేపకూర తగ్గును, పగలంతయు పిల్లలు కండ్లయెదుటనే యుందురు. ఈ మూడును ఒక్కసారిగా వచ్చి పొయ్యియొద్ద నిలుచున్న యిల్లాలి మీద పడును.

ఆ పిల్లలు నేడు అడుగుచున్నది పిజ్జా. వారి తల్లులు చిన్ననాట మురుకులో, బొరుగుండలో అడిగియుందురు. వీరు చేతిఫోనులో చూచినది అడుగుచున్నారు. కావలివంటి పట్టణమునకు పోయి కొని తెచ్చుట పెద్ద కష్టము కాదు. కాని వేట లేని నెలలో ఇద్దఱు బిడ్డలకు పిజ్జా కొనిన సొమ్ముతో ఇంటిల్లిపాదికి రెండు మూడు దినముల కూరగాయలు వచ్చును. వద్దనిన తల్లి యెన్ని దినములు వద్దనగలదు? నా మట్టుకు నాకు, పిల్లలు అడుగుటలో తప్పు కనబడదు. ఆ వస్తువును మన పెనముమీద, మన యూరికి వచ్చు కూరలతో, బరువు తగ్గించి మనమే చేసిపెట్టవచ్చును. దానికి ఓవెన్ అక్కఱలేదు, ఈస్టు అక్కఱలేదు. చీజు కూడ అక్కఱలేదనిన కొందఱు సోదరీమణులు నవ్వుదురేమో! అందుచేత ఆ సంగతి ముందుగా చెప్పెదను.

పిజ్జాకు పుట్టినిల్లు ఇటలీ దేశమున సముద్రపు టొడ్డుననున్న నేపుల్సు పట్టణము. ఆ మాట మాత్రము అంతకంటె పాతది, క్రీ. శ. 997 నాటి ఒక దస్తావేజులో, గయేటా యను మఱియొక తీరపు పట్టణమున అది కనబడుచున్నది. నేపుల్సున పిజ్జా శ్రీమంతుల భోజనము కాదు. రేవులలోను వీధులలోను పని చేయువారు నిలుచుండి తిని పోవు రొట్టె. 1889లో ఆ దేశపు రాణి మార్గరీటా వచ్చినప్పుడు ఎఱ్ఱని టమాటా, తెల్లని చీజు, పచ్చని తులసిజాతి యాకు వేసి జెండా రంగులతో పిజ్జా చేసి యిచ్చిరని ఒక కథ చెప్పుదురు. కథ యెట్లున్నను, దానిపక్కన నేటికిని చెల్లుచున్న మఱియొక పాతరకము కలదు. దాని పేరు మరినారా. నావికుల పేరనే దాని కా పేరు వచ్చినదందురు. అందులో వేయునది టమాటా, వెల్లుల్లి, ఓరెగానో యను వాసనాకు, కొంచెము నూనె, అంతియే. చీజు చిన్నమెత్తు ఉండదు! 2017లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ నేపుల్సు పిజ్జావిద్యను మానవజాతి వారసత్వములలో చేర్చినది. అట్టి పట్టణములో చీజు లేని పిజ్జా పిజ్జాయే యైనప్పుడు జువ్వలదిన్నెలో ఏల కాకూడదు? సముద్రము నమ్ముకొన్నవారి రొట్టె సముద్రము నమ్ముకొన్నవారి యింటికి వచ్చుట నాకు ముచ్చటగానే యున్నది.

ఇక మనకు రొట్టెమీద రుచిపూత పూయుట క్రొత్త విద్య కాదు. దోసెమీద ఎఱ్ఱకారము పూసి కాల్చుట నెల్లూరివారి పేరు చెప్పుకొను వంట. ఊతప్పముమీద ఉల్లి, మిరప చల్లి మూతపెట్టు నిల్లాలు సగము పిజ్జా నేర్చినట్లే. వరియన్నమే ప్రధానమైన ఈ జిల్లాలో రొట్టెకు ఒక పండుగయే కలదు. మొహర్రము దినములలో నెల్లూరి స్వర్ణాల చెఱువు గట్టున బారాషహీద్ దర్గాయొద్ద హిందువులును ముసల్మానులును కూడి నీటిలో దిగి రొట్టెలు మార్చుకొందురు. వివాహపు రొట్టె, సంతానపు రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్యపు రొట్టె యని పేర్లు. కోరిక తీరినవారు మఱుసటి యేడు రొట్టె తెచ్చి, అదే కోరిక గలవారి చేతిలో పెట్టుదురు. 2015లో దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించిరి. ఆ చెఱువులో చేతులు మాఱు రొట్టెలు చాలవఱకు ఇండ్లలో స్త్రీలు ఒత్తి కాల్చినవే.

తేలికగా చేయవలెనని నేను పట్టుపట్టుటకు కారణము కలదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 36 మందికి ఉండవలసినదానికంటె అధికమైన బరువున్నది. అదే సర్వేలో అదే వయస్సు స్త్రీలలో నూటికి 58 మందికి మించి రక్తహీనత కలదు. బరువు హెచ్చుటయు రక్తము తగ్గుటయు ఒకే యూరిలో, తఱచుగా ఒకే యింటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే దేహములో నున్నవి. పిండి, నూనె కడుపు నింపును గాని రక్తమున కవసరమైన ఇనుము నీయవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సలహాలలో ఒక్కొక్కరు దినమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినవలెనని చెప్పిరి. మనలో ఎందఱము తినుచున్నాము? కూర వండినవారి వంతుకు గిన్నె యడుగున మిగులు పులుసే కదా! అంగడి పిజ్జాలో నున్నది ప్రధానముగా మైదా, చీజు, ఉప్పు, కూరముక్కలు అలంకారమునకు. మనము ఈ లెక్కను తిరుగవేయవలెను. కూర హెచ్చు, పిండి తగుమాత్రము, చీజు పేరునకు.

పిండి సంగతి. ఆఱు రొట్టెలకు గోధుమపిండి 200 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు తీసికొనుడు. గోధుమలు మరపట్టించి పైపొట్టు తీయని పిండియైన మేలు. జొన్న యింతకంటె హెచ్చు వేయరాదు. గోధుమపిండిలో సాగు బంకగుణము కలదు, జొన్నలో లేదు. పాలు మించిన రొట్టె అంచులు విఱిగి, మీద వేసిన కూర జాఱిపోవును. అర చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా పిండిలో పొడిగానే బాగుగా కలిపి, 100 గ్రాముల పుల్లని పెరుగు, ఒక చెంచా నూనె వేసి, చాలినన్ని నీళ్లు కొంచెము కొంచెముగా చల్లుచు మెత్తగా పిసుకవలెను. చపాతీపిండికంటె మెత్తనగా నుండవలెను గాని చేతికి అంటుకొనరాదు. తడిగుడ్డ కప్పి 20 నిముషములుంచుడు. పెరుగులోని పులుపు సోడాతో కలిసి గాలి పుట్టించును. ఈస్టు చేయు పనిని ఇది కొంతవఱకు చేయును. ఆ గాలి నిలువయుండునది కాదు. కావున గంటలోపల కాల్చివేయవలెను. మే నెల ఉక్కలో పిండిని మఱచి ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు ఉంచినచో అది పులిసి రొట్టె చేదెక్కును.

పిండి నానుచుండగా పైపూత. బాగుగా పండిన టమాటాలు అర కిలో. (మన పెద్దలు దీనిని రామములగ యనిరి, జిల్లా దక్షిణమున తక్కాళి యనువారు నేటికిని కలరు.) మూకుడులో ఒక చెంచా నూనె వేసి, నాలుగు వెల్లుల్లి పాయలు చితుకగొట్టి వేసి, కమ్మని వాసన రాగానే టమాటా ముక్కలు, రెండు ఎండుమిరపకాయల తునకలు, పావు చెంచా ఉప్పు వేయవలెను. మొదట మూతపెట్టి మెత్తబడనిచ్చి, తరువాత మూత తీసి, నీరంతయు ఇంకి గరిటెతో గీచిన గీత నిలుచునంత వఱకు ఉడికించుడు. చాలమంది తొందరపడి పలుచగానే దింపుదురు. పిజ్జా నీరుకారుటకు సగము కారణ మిదే. అర కిలో పండ్లు 200 గ్రాముల ముద్దగా దిగినచో సరియైన పాకము. మఱీ పుల్లగా నున్నచో బెల్లము చిటికెడు.

ఓరెగానోకు బదులేమని అడుగుదురు. దానికొఱకు అంగడికి పోనక్కఱలేదు. మన పెరటి కుండీలో బజ్జీలకు పెంచు వామాకున్నది గదా! దళసరిగా, నూగుగా నుండు ఆ యాకు పుదీనా కుటుంబమునకు చెందినది. ఇటలీవారి ఓరెగానోయు ఆ కుటుంబములోనిదే. వాసనలోను దగ్గఱి చుట్టములు. రెండాకులు సన్నగా తరిగి టమాటా ముద్ద దింపబోవునప్పుడు వేయుడు. ఎక్కువయైన మందువలె నుండును. వామాకు లేనిచోట అఱచేత నలిపిన వాము పావు చెంచా చాలును.

ఇప్పుడు కూరలు. ఇక్కడనే వంట నిలుచునో జాఱునో తెలియును. ఆఱు రొట్టెలకు కూరలన్నియు కలిసి 400 గ్రాములు. ఉల్లి, క్యాప్సికము, క్యారెట్టు, లేత బీన్సు, క్యాబేజీ ఏవైనను పనికివచ్చును. వంకాయను నేను ప్రత్యేకముగా మెచ్చుకొందును. సన్నని చక్రములుగా కోసి, ఉప్పునీట వేసి తీసి, పెనముమీద నూనెచుక్కతో ఇరువైపుల కాల్చి పఱచిన వంకాయకు చీజు లేని కొఱత తెలియనీయని కమ్మదనమున్నది. ఇటలీవారును పిజ్జామీద వంకాయ వేయుదురు. ఇసుకనేలలో మునగ సులభముగా పెరుగును. ఒక దోసెడు మునగాకు దూసి వేసినచో ఇనుము, సున్నపు సత్తువ రెండును వచ్చును. ఆషాఢమున మునగాకు తినవలెనను మన యాచారమును జ్యేష్ఠముననే మొదలుపెట్టిన దోషములేదు.

కూరలను పచ్చిగా చల్లరాదు. ఓవెనులో పైనుండియు క్రిందినుండియు వేడి తగులును గనుక పచ్చికూరలోని నీరు ఆవిరియై పోవును. పెనముమీద వేడి క్రిందినుండియే వచ్చును, పైన మూతయుండును, నీరు పోవు దారిలేక రొట్టెలో దిగును. అందుచే మూకుడు బాగుగా కాగనిచ్చి, ఒక చెంచా నూనెలో, పెద్దమంటమీద, రెండు మూడు నిముషములు మాత్రము కూరలను ఎగురవేయవలెను. మూత పెట్టరాదు, ఉప్పు ముందుగా వేయరాదు. ఉప్పు తగులగానే నీరు ఊఱును. మునగాకును కడపట వేసి పచ్చివాసన పోవువఱకు త్రిప్పుడు. కూర రంగు మాఱకుండ, కొఱికిన కొంచెము కరకరలాడుచుండవలెను. వెడల్పు పళ్లెములో పోసి చల్లాఱనీయుడు.

చీజు వేయువారికి రెండు మాటలు. ఇది మన జున్ను కాదు. ఈనిన గేదె మొదటి పాలతో చేయు జున్నును పిజ్జాలో వేయుమని ఎవరును చెప్పలేదు! చీజనునది పాలను విఱిచి, ఉప్పు వేసి, గట్టిపఱచినది. 100 గ్రాములకు సుమారు 300 కాలరీలు, ఉప్పును కలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపే ఉప్పు చాలుననుచున్నారు. ఊఱగాయ, అప్పడము, ఎండుచేప తిను మనకు ఆ హద్దు చాల సులభముగా దాటును. కావున రొట్టెకు 10 గ్రాములు, ఆఱింటికి 60 గ్రాములు మించవద్దు. గట్టిగా చల్లబఱచి సన్నని రంధ్రముల కోరుతో కోరినచో కొంచెమే రొట్టె నిండ పఱచుకొనును. ముక్కలుగా వేసినచో మూడింతలు పట్టును. అది లేనివారు 100 గ్రాముల పనీరు చిదిపి వేయవచ్చును. అదియు లేనివారు వేయించిన వేరుసెనగలు, వెల్లుల్లి, ఎండుమిరప కచ్చాపచ్చాగా దంచి, రొట్టెకొక చెంచా చల్లుడు. నన్నడిగినచో ఈ మూడవదే మొదట నిలుచును. ఉడికించిన అలసందలు గుప్పెడు కలిపినచో మాంసకృత్తులకును లోటుండదు. చేప తినని దినములలో ఇది గుఱుతుంచుకొనదగిన సంగతి.

కాల్చుట. పిండిని ఆఱు ఉండలు చేసి, ఒక్కొక్కటి జానెడు వెడల్పున, చపాతీకంటె కొంచెము దళసరిగా ఒత్తి, నడుమ నాలుగైదుచోట్ల ఫోర్కుతోనో పుల్లతోనో పొడువుడు. లేనిచో పూరీవలె ఉబ్బి కూరను దొర్లించును. పెనము బాగుగా కాగిన తరువాత రొట్టె వేసి, ఒక నిముషమున పొక్కులు రాగానే తిరుగవేయుడు. అప్పుడు మంట పూర్తిగా తగ్గించి, కాలి పైకివచ్చిన వైపున టమాటా ముద్ద రెండు పెద్దచెంచాలు అంచు వదలి పూసి, కూర పఱచి, చీజో పనీరో పొడియో చల్లి మూత పెట్టవలెను. కాలినవైపునే పూయుట ముఖ్యము; పచ్చివైపున పూసిన తడి పిండిలోనికి దిగి ముద్దయగును. మూడు నిముషములకు మూత తీసి, లోపలివైపు పట్టిన నీటిబొట్లను గుడ్డతో తుడుచుడు. అవి తిరిగి రొట్టెమీద రాలనీయరాదు. ఇంకొక నిముషము మూతలేకుండ కాల్చిన అడుగు కరకరలాడును. దింపిన తరువాత నిమ్మరసము నాలుగు చుక్కలు. ఈ పులుపు రుచికొఱకే కాదు. నిమ్మలోని సీ విటమిను ఆకులోని ఇనుమును దేహమునకు పట్టించును. తినిన వెంటనే టీ త్రాగుట మాత్రము ఆ ఇనుమును అడ్డగించును. టీకి గంట యెడముండనిండు.

రెండు పెనములున్న యింట పిండి కలుపుట మొదలు చివరి రొట్టె దిగువఱకు ముప్పాతిక గంట. టమాటా ముద్ద ప్రొద్దుటి చల్లదనములోనే వండి పెట్టుకొనినచో సాయంకాలము పొయ్యియొద్ద నిలుచుట అరగంటకు దిగును. వేసవిలో ఆ పదిహేను నిముషముల విలువ వంటచేయువారికే తెలియును. లెక్కవేసి చూడగా చీజుతో కూడిన రొట్టెకు సుమారు 240 కాలరీలు వచ్చుచున్నవి. రెండు రొట్టెలు తినినవారికి, టమాటాలతో కలిపి, పచ్చికూరల తూకమున 300 గ్రాములు లోపలికి పోవును. పోషకాహార సంస్థవారు చెప్పిన 400 గ్రాములలో ముప్పాతిక యొక్క పూటలోనే తీరినది. గ్లాసెడు పలుచని మజ్జిగ పక్కనున్నచో అదే భోజనము. మధుమేహమున్న పెద్దలు జొన్న కలిసినదిగదాయని మూడు నాలుగు తినరాదు; జొన్నయు పిండిపదార్థమే. వారికి ఒక రొట్టె, దానిమీద రెట్టింపు కూర, అలసందలు మేలు.

పెద్దవారున్న యింట ఈ వంట మొదటిసారి చేయునప్పుడు కొంత సంభాషణ తప్పదు. ఇట్టిది అందఱకును అనుభవములోనిదే.

“ఏమే అమ్మాయీ, కూరను రొట్టెపక్కన పెట్టక నెత్తిన పెట్టినావేమి?” అని అత్తగా రడుగును.

“పిజ్జా అత్తా. పిల్లలు పట్టుపట్టినారు. టవునులో దీన్నే డబ్బులు పోసి కొంటున్నారు.”

“పులుసు లేదు, చారు లేదు. గొంతు దిగుతుందా?”

“టమాటా తొక్కువంటిదే అత్తా, కొంచెము రుచి చూడు.”

అత్తగారు అంచు త్రుంచి నోటవేసికొని, ఒక క్షణమూరకుండి, “మీ మామకు కారము ఎక్కువేసి ఇంకొకటి కాల్చు. వేట లేక యింట కూర్చున్నాడు, ఏమి పెట్టినా రుచి లేదంటున్నాడు” అనును. అంతటితో విచారణ ముగియును.

మామగారికి కారము హెచ్చుగాను, చిన్నపిల్లకు కారము లేకయు, పండ్లులేని అవ్వకు మెత్తగాను ఒకే పిండితో చేయవచ్చుట ఈ వంటలోని సదుపాయము. అవ్వ రొట్టెను మూత తీయకుండ మఱి రెండు నిముషములు ఆవిరిలో మగ్గనిచ్చినచో అడుగు మెత్తబడును. సెలవులలో నున్న పిల్లలను ఊరక చూడనీయక కూరలు పఱచు పని వారికే యిండు. కూర వద్దని పళ్లెములో ఏరిపెట్టు బిడ్డ, తన చేతితో పఱచిన కూరను ఏరిపెట్టుట అరుదు. మగపిల్లలను కూడ పిలువుడు. ఉల్లి తరుగుట చేతకాని మగవానికి పడవమీద గంజి కాచుకొనుట మాత్రము ఎట్లు వచ్చును?

ఈ వంటలో ఇంకొక చిక్కు కలదు. రొట్టెలు ఒక్కొక్కటిగా దిగును. వేడిగా నున్నప్పుడే బాగుండును. చల్లాఱిన తోలువలె సాగును. కావున కాల్చువారు కడపట తినుట యను మన యలవాటు ఇక్కడ మఱింత యన్యాయమగును. మొదటి మూడు పిల్లలకు పెట్టిన తరువాత నాలుగవదాని కూర పఱచి మీరు కూర్చుండుడు. మూత తీయుటకు, తుడుచుటకు, దింపుటకు పది పన్నెండేండ్ల బిడ్డ చాలును. మంట చిన్నదే గదా. రక్తహీనతను గూర్చి పైన వ్రాసిన లెక్క పిల్లలది కాదు, వారి తల్లులదియు అక్కలదియు. ఆ మునగాకు ఎవరికి ముందు అందవలెనో ఆలోచింపుడు.

పిండి మిగిలినచో ఆ పూటనే ఉత్త రొట్టెలుగా రెండువైపుల సగము కాల్చి యుంచినచో, మఱునాడు ఉదయము కూర పఱచి మూతపెట్టినంత మాత్రమున ఫలహారము సిద్ధమగును. కూరలు మిగిలినచో ఉప్మాలో కలిసిపోవును. టమాటా ముద్ద పొడిచెంచాతో తీసి ఫ్రిజ్‌లో నుంచిన మూడు దినములు చెడదు. గిన్నె యడుగున చెంచాడు మిగిలిన దానిని పాఱవేయకుడు. మఱునాటి దోసె సగము కాలగానే దానిమీద రాచి మడిచినచో, అది మన నెల్లూరు కారపుదోసెకు చెల్లెలివలె నుండును. మామగారికి మాత్రము పైన కొంచెము ఎఱ్ఱకారము తప్పదు.